రెండు నేలలు

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ.
నాలుగు గదులు, లక్షకు పైగా టిక్కీల మిరప.
లోపల ఆరు డిగ్రీలు, బయట నలభై నాలుగు.
తలుపు తీసిన ప్రతివాడూ తుమ్ముతాడు.

కంప్రెసర్ గది నుంచి ఆఫీసు దాకా
మూడొందల ఇరవై మీటర్ల వైరు,
జడలా పేనిన జంట పోగులు.
ఒకటి పైకంటే రెండోది కిందకంటుంది,
ఆ తేడాలోనే మాట.
నాలుగో గదిలో ఎంత? ఆరు పాయింట్ రెండు.
నాలుగో గదిలో ఎంత? ఆరు పాయింట్ రెండు.
రాత్రంతా ఇదే,
నిద్రపట్టని ముసలాయన టైమెంతని అడిగినట్టు.

నిరుడు వైశాఖంలో ఈదురుగాలి లేచింది.
పిడుగు మా మీద పడలేదు, ఒట్టు.
జిన్నింగు మిల్లు వెనక తుమ్మచెట్టు మీద పడింది.
వాచ్‌మన్ ఏసోబు ప్రార్థన మొదలెట్టి
మధ్యలో అర్జునా ఫల్గుణా అని కూడా అనేశాడు,
ఎందుకైనా మంచిదని.

తెల్లారి చూస్తే
అంకెలుండాల్సిన చోట అడ్డగీతలు.
బోర్డు విప్పాను.
ఎనిమిది కాళ్ల చిప్పు, వేలిగోరంత,
నడుం దగ్గర చిన్న బొబ్బ,
కాలిన దువ్వెన వాసన.
యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి,
నోరే పడిపోయింది.
రెండో గదిలో కాయిల్ మీద మంచు పేరుకుని
మధ్యాహ్నానికి పదమూడు డిగ్రీలైందని
మాకు చెప్పింది స్క్రీను కాదు,
హమాలీ అంకాలు వీపు మీది చెమట.

సిలార్ గారు గొంతుక్కూచుని
సుద్దముక్కతో రెండు గుంటలు గీశాడు.
"ఇది కంప్రెసర్ ఎర్తు, ఇది ఆఫీసు ఎర్తు.
అంతా ఒకే నేల అనుకుంటాం గదమ్మా,
పిడుగు పడ్డ ఆ రెప్పపాటులో కాదు.
అక్కడి నేల మేడెక్కి కూచుంటుంది,
ఇక్కడి నేల ఇక్కడే ఉంటుంది.
మధ్యన తాడు కట్టింది మనం.
దాన్ని పట్టుకుని దిగిందాన్ని తిట్టి ఏం లాభం?"

పున్నారావు గారు బిల్లుని కళ్లజోడు కింద నుంచి చూశారు.
"మెయిన్లో ఫ్యూజు ఉందిగా?"
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా అండీ,
ఫ్యూజు కరిగేలోపు అది వచ్చి, టీ తాగి, వెళ్లిపోతుంది.
"మరి ఈ డబ్బీ ఏం చేస్తుంది?"
ఏమీ చెయ్యదండి.
"ఏమీ చెయ్యనిదానికి ఆరువేల ఎనిమిదొందలు! అదీ రెండు!"
ఒక్కసారి చేస్తుందండి. ఆ తర్వాత అదుండదు.
తేజ రేటు పడిపోయిన రోజు మొహం పెట్టి
సంతకం చేశారు.

డబ్బీ లోపల వైరు తెగి ఉంటుంది, కావాలనే.
ఇవతల ఒక చిన్న దీపం,
అవతల దాన్ని చూసే కన్ను.
మాట వెలుగై దాటుతుంది,
వెనకాల తరుముకొచ్చింది గట్టు మీదే ఆగిపోతుంది.
గుమ్మంలో కాపలాగా బొటనవేలంత కాట్రిడ్జి.
దాని తోక కొత్త గుంటలోకి,
ఉప్పూ బొగ్గూ పరిచిన గుంటలోకి.
రోజూ రెండు బకెట్లు పొయ్యాలంటే
ఏసోబు చెట్టుకి పోసినట్టే పోస్తాడు,
ఏం కాస్తుందమ్మా ఇది, అని నవ్వుతూ.

ఈ ఏడు, మొన్న మంగళవారం, రాత్రి రెండు దాటాక ఫోను.
"అమ్మా, మోత మోగింది. గీతలొచ్చినయ్."
పచ్చ లైటు చూడు.
"ఆరింది."
డ్రాయరులో ఇంకోటుంది, పాతది పీకి అది గుచ్చు.
ఫోన్లో వాన. చెప్పుల చప్పుడు.
ఏదో కిందపడ్డ చప్పుడు. ఒక తిట్టు.
తర్వాత చాలాసేపు వానే.
"ఆరు పాయింట్ రెండమ్మా," అన్నాడు ఏసోబు,
బిడ్డ బరువు చెప్పినట్టు.

పొద్దున పోయినదాన్ని చెవి దగ్గర పెట్టి ఊపాను.
లోపలేదో గింజలా గలగలమంది.
పున్నారావు గారు అడిగి తీసుకుని
కట్టాల్సిన బిల్లులు ఎగిరిపోకుండా
వాటి మీద పెట్టుకున్నారు.