సీసా మీది ఎన్

సూరప్పడికి ఇంగ్లీషులో తెలిసింది ఒక్కటే అక్షరం.
రెండు గుంజలు, మధ్యన ఏటవాలుగా
బిగించిన తాడు.
"వల ఆరేసినట్టున్నాదమ్మా" అన్నాడు మొదటి రోజే.
మింది ఎరువుల ఫ్యాక్టరీ ల్యాబులో
సీసాలు కడిగే పని అతనిది,
సీసాలో ఏముందో చెప్పే పని నాది.

కాస్టిక్ సోడా సీసా మీద: సున్నా పాయింట్ ఒకటి ఎన్.
గేటు దాటే బస్తా మీద: ఎన్ ఇరవై ఎనిమిది.
మూల మేకుకి వేలాడే స్ప్రింగు త్రాసు మీద,
అరిగిన అంకెల పక్కన.
జాలరిపేటలో వాళ్లన్న పడవలో
దిక్సూచి అద్దం కింద, ఎప్పుడూ వణుకుతూ.

"అన్నీ ఒకటేనేటమ్మా?"

కాదన్నాను.
సీసా మీదిది నార్మల్,
లీటరు నీళ్లలో ఎంత ఘాటు కరిగిందో ఆ లెక్క.
బస్తా మీదిది నత్రజని, వరి పచ్చబడేది దానితోనే.
త్రాసు మీదిది న్యూటన్,
అరచేతిలో చిన్న జామకాయ మోపేపాటి బరువు.
అన్న పడవలోది ఉత్తరం.
అంతా విని, బీకరు కడిగి బోర్లించి,
"ఒక్కడికే ఇన్ని ఉజ్జోగాలైతే
జీతం ఎవులిస్తారమ్మా?" అన్నాడు.

ఓసారి లేబుల్ తలకిందులుగా అంటించాడు.
అంకె తిరగబడింది గాని అక్షరం చెక్కుచెదరలేదు.
పక్కకి పడుకోబెడితే? జెడ్ అవుతుందన్నాను.
మూతబడిన జింకు ఫ్యాక్టరీ వైపు గడ్డం ఎత్తి
"అయితే అది నిద్దరోతున్న ఎన్నేనన్నమాట."

నార్మల్ అని రాసినంత మాత్రాన
రోజూ నార్మల్‌గా ఉండదు ఏ ద్రావణమూ.
గాలి తాగి రాత్రికి రాత్రే నీరసిస్తుంది సోడా.
అందుకే పొద్దున్నే తెల్లపలక మీద ఫ్లాస్కు,
బ్యూరెట్ నుంచి చుక్క, మరో చుక్క.
వెనక నిలబడి అడిగేవాడు,
"గులాబీ వచ్చీసినాదా?"
వచ్చింది.
"ఆగినాదా?"
ముప్పై సెకన్లు ఆగాలి రంగు. ఆగకపోతే
వచ్చినట్టు కాదు.

తర్వాత సర్క్యులర్ వచ్చింది:
ఇకపై నార్మల్ రాయరాదు, మోల్స్‌లోనే రాయాలి.
స్పిరిట్ గుడ్డతో ఒక్కో సీసా మీదా
తనకొచ్చిన ఒక్క అక్షరాన్నీ
తనే తుడిచాడు సూరప్పడు.
ఒక సీసా వదిలేశాడు. ఖాళీది. నేనూ చూడనట్టే ఉన్నాను.

మొన్న కేజీహెచ్‌లో ఊపిరి ఊదించుకుని
కాగితమిచ్చారట. టిఫిను డబ్బా మూతలో
నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు.
అన్ని గడులూ దాటుకుని వేలు చివర దగ్గర ఆగింది.
"ఇది ఏ ఎన్నమ్మా?"

నార్మల్ అన్నాను, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

కదల్లేదు.
"సీసాలోదీ నార్మలే అనేదానివి కదమ్మా.
మరి పొద్దున్నే మళ్లీ ఎందుకు సూసీదానివి?"

యారాడ కొండ మీంచి గాలి తిరిగింది,
అమ్మోనియా వాసన, షిఫ్టు సైరను.
గేటు బయట బస్టాపులో అతనికి దగ్గొచ్చింది,
గుంజ పట్టుకుని వంగిపోయేంత దగ్గు.
తగ్గింది.
అలవాటు కొద్దీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
ఇరవై రెండు దగ్గర
ముప్పై ఎనిమిదో నంబరు బస్సు వచ్చి
ఎక్కేశాడు.