ఊపిరి కొలత

మా జేజు దీవిలో ఆడపిల్ల పుడితే
మొదటి ఏడుపు విని చెప్పేసేదట మంత్రసాని,
ఇది ఎన్ని బారల పిల్లో.

గప్‌సూన్ పది బారల పిల్ల.
నేను నాలుగు.

ఒకే వారంలో పుట్టాం.
ఒకే నల్లరాతి గోడకి అటొకరం ఇటొకరం పెరిగాం.
ఎనిమిదో ఏట, మోకాలి లోతు నీళ్ళలో ముఖం ముంచి
లెక్కపెట్టుకునే ఆటలో
ముప్పై దగ్గరే నా చెవుల్లో డప్పులు మోగాయి.
అది డెబ్బై దాటాక తలెత్తి
"అప్పుడే అయిపోయిందా?" అంది
ఎవరో నిద్ర లేపినట్టు.

ఆ రాత్రి నుంచీ ఊపిరిని పెంచుకోవడమే నా పని.
దుప్పటి కింద బిగబట్టాను.
చిలగడదుంపల చేలో ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా
ఒక్కో సాలుకి ఒక్కో దమ్ము.
పెళ్ళినాడు పెద్దలకి వంగి మొక్కుతూ కూడా బిగబట్టాను.
(ఎర్రబడ్డ నా ముఖం చూసి సిగ్గనుకున్నాడు మా ఆయన. పాపం.)

పదిహేనేళ్ళకి ఆరు బారలు.
ఇరవై రెండేళ్ళకి ఏడు.
ఏడు దగ్గర సముద్రం తలుపు వేసేసుకుంది.

గప్‌సూన్ ఏం చేసింది?
పొద్దెక్కేదాకా పడుకునేది.
సొరబుర్ర భుజాన వేసుకుని అందరికన్నా వెనక వచ్చేది.
నేను దిగలేని చీకట్లోకి దిగి
అరచేయంత అబలోని గుల్లలు తెచ్చేది.
ఒడ్డున మంట చుట్టూ దమ్మును బట్టే పీట:
దానికి పొగ రాని వైపు,
నాకు పొగ వచ్చే వైపు.
నలభై ఏళ్ళు నా కళ్ళు మండాయి.
పొగ వల్లే అని చెప్పేదాన్ని.

ఒక మార్చి నెలలో, ఎనిమిదో బారలో
రాతి పగుల్లో గుల్ల కనిపించింది.
కొక్కెం గుచ్చాను. రాలేదు.
ఇంకొక్కసారి అనుకున్నాను.
కష్టపడ్డవాళ్ళకి ఆ మాట తెలుసు,
ఇంకొక్కసారి.

కళ్ళు తెరిచేసరికి ఆకాశం.
జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తోంది గప్‌సూన్,
మాటకీ మాటకీ మధ్య ఈల వేస్తూ
బండబూతులు తిడుతోంది.

ఆ సాయంత్రం మొదటిసారి పొగవైపుకొచ్చి కూర్చుంది.
"మా అమ్మది పన్నెండు బారల ఊపిరి, గుర్తుందా?
కొక్కెం చేతిలోనే ఉంది, పైకి తెచ్చేసరికి.
దిగడం నాకెవరూ నేర్పలేదే, అది వచ్చేసింది.
నేర్చుకున్నది పైకి రావడం.
కళ్ళెదుట గుల్ల, లోపల ఇంకా ఊపిరి,
అయినా వదిలేసి రావడం.
రోజూ చేస్తాను.
రోజూ ఏడుపొస్తుంది."

నేనేమీ అనలేదు.
దాని బద్ధకం మీద నలభై ఏళ్ళుగా
నాలో నేను కట్టుకున్న పాటలన్నీ
ఒక్కొక్కటే మంటలో వేశాను.
అన్నీ కాలలేదు. అబద్ధం ఎందుకు?
పది బారలు పుట్టుకతో ఉంటే
వదిలేసి రావడం నేనూ నేర్చుకుందును కదా,
అని ఇప్పటికీ ఒక మూల.

డెబ్బై దాటాం. ముసలమ్మలకని వదిలిన లోతులేని రేవులో
ఇద్దరివీ మూడేసి బారలే.
సముద్రం తక్కెడ ఇన్నాళ్ళకి సరిచేసింది,
కాకపోతే ఇద్దరి దగ్గరా తీసేసుకుని.

మొన్న దేగు నగరం నుంచి హ్యేరిన్ అనే పిల్ల వచ్చింది,
ఉద్యోగం మానేసి, కొత్త రబ్బరు బట్టలతో.
"అవ్వా, ఇది పుట్టుకతో రావాలా, నేర్చుకుంటే వస్తుందా?"
మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.
"ముందు ముఖం ముంచు" అంది గప్‌సూన్.

ముంచింది.
ఒకటి, రెండు, అని పైకే లెక్కపెట్టాను.
ముప్పై దగ్గర నా గొంతు ఆగిపోయింది.
చూసుకుంటే, ఆ పిల్లతోపాటు
నేనూ బిగబట్టే ఉన్నాను.

పక్కన గప్‌సూన్
హాయిగా ఆవలిస్తోంది.