చేతిరాత మారిన చోటు

మార్ల్ క్రీక్ టౌన్‌షిప్ మొదటి దస్తరం
తోలు అట్ట మీద ఎలుక పళ్ల గాట్లతో
నా బల్ల మీదికొచ్చింది.
ఒహాయో వాయవ్య మూల, జనవరి.
హాలు పక్క కొట్టంలో రోడ్ల మీద చల్లే ఉప్పు గుట్ట,
హీటరుకి ఒకటే దగ్గు.
నా పని ఇందులోది చూసి కంప్యూటర్లోకి ఎక్కించడం.

1837, ఏప్రిల్ మొదటి సోమవారం.
లైమన్ స్ట్రాట్ మొద్దుల ఇంట్లో
పద్దెనిమిది మంది మగవాళ్లు కూడి
పదిహేను పదవులు పంచుకున్నారు.
కంచెల తనిఖీకి ఇద్దరు, బీదల విచారణకు ఇద్దరు,
రోడ్లకు నలుగురు.
రోడ్డు మాత్రం ఒక్కటే,
అదీ వాళ్లు వేసింది కాదు,
వయాండాట్లు నడిచి నడిచి అరగదీసిన బాట.
ఆరేళ్లకు వాళ్లనీ ఆ బాట మీదే సాగనంపారు.
దస్తరంలో ఆ వారం:
"వంతెన పలకలు విరిగినవి. బళ్ల రద్దీ."
అంతే.

క్లర్కు అల్వా టెనీ. మా వైపైతే కరణం అందుము.
బాతు ఈక కలం, వాల్‌నట్ తొక్కలు కాచిన సిరా.
పశువుల చెవి గుర్తులు బొమ్మలతో సహా దించాడు.
హైరమ్ బోస్‌విక్ పందులకు ఎడమ చెవిన రెండు గాట్లు,
గ్రిజ్‌వోల్డ్ గొర్రెలకు కుడి చెవి కొస కోత.
మనుషులకు చలిజ్వరమే గుర్తు.
అందరికీ ఒకటే గనక రాయనక్కర్లేదు.
ఓటుకు స్ట్రాట్ ఎత్తిన చెయ్యి గడగడ వణికితే
ఒక ఓటా, రెండా అని నవ్వుకునుంటారు.
(ఇది దస్తరంలో లేదు. నేననుకున్నాను.)

కాలువ తవ్వాలా వద్దా అని తొమ్మిదేళ్లు కొట్లాట.
నీరు పల్లమెరుగు అంటాం కదా,
ఇక్కడ నీటికి పల్లం ఎటో తెలియలేదు,
అంత చదును.
మొక్కజొన్న మొదళ్లలోనే నిలబడి
అది కూడా సభ తీర్మానం కోసం చూసింది.

1851 నవంబరు. పేజీ తిప్పాను.
చేతిరాత మారింది.
గుండ్రంగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరాడేంత చోటిచ్చి.
అడుగున సంతకం మాత్రం అల్వా టెనీదే,
గీత మీంచి కొంచెం జారి,
మరుసటి నెల ఇంకాస్త జారి,
మార్చికి సిరా మరక మీదే పడింది.
చూపు పోయినవాడి సంతకం.

అయినా ఏటా ఏప్రిల్లో అతన్నే ఎన్నుకున్నారు.
ఏడేళ్లు. పోటీ నిలిచినవాడు లేడు.
అతని పక్కన కూర్చుని రాసేదెవరో
పొయ్యి దగ్గరి కుక్కతో సహా అందరికీ తెలుసు.
ఎవరూ రాసిపెట్టలేదు,
రాసేది ఆమే కదా.

బీదల పద్దు చూడండి.
అంతకు ముందు: "ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు, రెండు డాలర్లు."
ఇప్పుడు: "డార్కస్ పైల్. పిల్లలు ఈనాక్, బెట్సీ.
చిన్నదానికి బూట్లు లేవు."
బూట్ల సంగతి సభలో ఎవరెత్తారో తెలీదు.
వచ్చే నెల ఖర్చుల్లో బూట్లున్నాయి.

1858లో కొత్త చెయ్యి, కోడి కెలికినట్టు.
మొదటి పద్దే ఇది:
"దస్తరం అప్పగించినందుకు, మిగిలిన సిరాకు,
టెనీ భార్యకు యాభై సెంట్లు."
పేరు లేదు.

వెనక్కి తిరగేశాను, చెవి గుర్తుల దాకా.
గ్రిజ్‌వోల్డ్ గొర్రెల కింద, అంచున, గుండ్రటి రాత:
"నా ఆవు. కుడి చెవి, ఒకే గాటు. కె. టెనీ."
చట్టం లెక్కన ఆవు అల్వాది.
ఆ "నా" మాత్రం
కలం రెండుసార్లు ముంచి రాసినంత నల్లగా ఉంది.

క్లర్కు పేరు అన్న గడిలో
"కె." అని కొట్టాను.
పూర్తి పేరు లేనిదే ముందుకు పోనంది యంత్రం.
కెజయా? కెటూరా?
బయట మంచు మొదలైంది,
ఉప్పు బండి వెనక్కి నడిచి, మలుపు తిరిగి
ఆ పాత బాట మీదికి ఎక్కింది.
గడిలో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది.