ఐదొందల తేడా

రాత్రి పదికి పది నిమిషాలు తక్కువ.
కగ్గదాసపుర రైల్వే గేటు పడి
హారన్లన్నీ మా షాపు అద్దానికి ఆనుకుని అరుస్తున్నాయి.
మూడో కౌంటర్లో నేను.
ఛాతీ మీది బిళ్ళలో ఉన్న పేరు నాది కాదు,
నాకంటే ముందు పని మానేసిన పిల్లది.
కొత్తది చేయిస్తామని ఉగాదికి ముందు చెప్పారు.

ఇరవై రూపాయల బట్టల సబ్బు ఒకటి,
దాని మీద ఐదొందల నోటు.
"లేటాయ్తల్ల షాలినీ" అని కన్నడంలో మొదలుపెట్టి
"చిల్లర లేదా అన్నా" అని నా నోరు జారగానే
తెలుగులోకి వచ్చేశాడు,
ఎండన నడిచొచ్చినోడు నీడలోకి జరిగినట్టు.
ఏ ఊరమ్మీ మీది?
కదిరి పక్కన.
"అదేందీ! మాది తనకల్లే!"

నాలుగొందల ఎనభై లెక్కపెట్టి ఇచ్చాను.
"అయ్యో, జేబులో ఇరవై ఉంది చూడు,
చిల్లర నాకెందుకు, నీకే పనికొస్తుంది" అని
ఆ ఇరవై దీనికి కలిపి నా ముందు పెట్టాడు.
అతని పెద్ద నోటు అతనికిచ్చేశాను.
ఇంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది.
తర్వాత ఎన్నిసార్లు వేసుకున్నా
ఇంతవరకూ సరిగ్గానే వస్తుంది.

చిల్లర ఇంకా కౌంటరు మీదే ఉంది.
మీకాడ వాన పడిందా అని అడుగుతున్నాను నేను.
"పడింది, శెనక్కాయకి సరిపోయింది" అంటూనే
పెద్ద నోటు తెచ్చి చిల్లర పక్కన పరిచాడు.
"ఇదొక ఐదొందలు, అదొక ఐదొందలు,
రెండొందలవి ఐదిచ్చెయ్ తల్లీ,
జేబు తేలిగ్గా ఉంటుంది."

అదొక ఐదొందలు
అప్పటికే షాపువి.
నేను తడి స్పాంజి మీద వేలద్ది
ఐదు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టాను,
ఎక్కడ ఒకటి ఎక్కువ పోతుందోనని.

పదకొండుకి డ్రాయరు దించారు.
సూపర్‌వైజర్ చెలువరాజ్ తిట్టలేదు.
రిజిస్టరు తిప్పి సంతకం చెయ్యమన్నాడు.
నిద్ర మత్తులో బిళ్ళ మీది పేరే రాసి, కొట్టేసి,
పక్కన రెడ్డెమ్మ అని రాశాను.
మోసపోయింది షాలిని.
జీతంలో కోత రెడ్డెమ్మకి.

రూముకి పోయి అక్కకి ఫోన్ చేశాను.
డబ్బు సంగతి చెప్పలేదు.
వాన పడిందంట కదా అన్నాను.
ఎవరు చెప్పారే, చుక్క లేదు,
విత్తనం మట్టిలోనే మాడుతోంది, అంది.

మర్నాడు కెమెరాలో చూపించారు.
బొమ్మ ఉంది, మాట లేదు.
అతని మొహం టోపీ కింద.
చేతులు మాత్రం కనబడుతున్నాయి,
తొందరే లేదు వాటికి,
పంక్తిలో వడ్డిస్తున్నట్టు ఆగి ఆగి కదిలాయి.
ఎదురుగా నేను, నవ్వుతున్నాను.
చెలువరాజ్ పొద్దుటి నుంచీ వెనక్కి తిప్పాడు,
పన్నెండు గంటల డ్యూటీలో
అలాంటి నవ్వు ఇంకెక్కడా లేదు.
"తెలిసినోడా?" అన్నాడు బొమ్మ ఆపి.
ఏమని చెప్పను.

ఇప్పుడు నాకు పద్ధతి వచ్చింది.
ఒక లెక్క తెగేదాకా రెండోది ముట్టుకోను.
ఇచ్చిన నోటు డ్రాయరు అంచున అడ్డంగా పెడతాను.
మాట్లాడేవాళ్ళ నోటికేసి చూడను, వేళ్ళకేసి చూస్తాను.

నిన్న సాయంత్రం ఒకామె వచ్చింది,
గోళ్ళ సందుల్లో సిమెంటు, కొంగు పట్టుకుని పిల్లాడు.
పాల ప్యాకెట్టుకి సరిపడా చిల్లరిచ్చి
రెండొందల నోటు విప్పింది, నాలుగు మడతలది.
"అమ్మీ, ఇది కాస్త మార్చిస్తావా,
ఆటోవాడు గొడవ చేస్తున్నాడు."

తెలుగు వినబడగానే
నా చెయ్యి డ్రాయరు మూసేసింది.
"చిల్రె ఇల్ల" అన్నాను.
లోపల పదులు, ఇరవైలు కట్టలు కట్టలుగా ఉన్నాయి.

పిల్లాడు నా ఛాతీ మీది బిళ్ళను
అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.
"షా లి ని."
ఆమె నోటుని మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుంటూ
"పదరా, మనోళ్ళు కాదులే" అంది.