మూడు చుట్ల ముడి

ఆదోని పాతూరిలో
పత్తి దలాలి తిమ్మయ్యశెట్టి మిద్దె.
నిచ్చెనెక్కి టేకు పట్టీ మూత లేపితే
అరవై ఏండ్ల దుమ్ము కండ్లల్లో పడింది.

లోపల జంట తీగలు.
రబ్బరు మీద నూలు అల్లిక, నూలు మీద తారు.
వేలు తగిలిందో లేదో
మాడిన జొన్నరొట్టె అంచు మాదిరి
రబ్బరు పొడిపొడిగా రాలింది.
రాగి మాత్రం ఎర్రగా, సిగ్గులేకుండా, బతికే ఉంది.

"రాగి కిలో ఎంతుందప్పా ఇప్పుడు?"
కిందనుంచి శెట్టి మనవడు.
నేను పలకలేదు.

రెండూ నలుపే.
అప్పట్లో తీగలకు రంగులు యాడివి?
ఏది ఫేజు, ఏది న్యూట్రల్
మెయిన్ దించినాక టెస్టరూ గుడ్డిదే.

పింగాణీ ఫ్యూజు దగ్గర కనపడింది:
ఒక తీగకు
పత్తి బోరాలు కుట్టే దారం,
మూడు చుట్లు, పక్కకు వాల్చిన ముడి.

పంచె కొంగున బీడీలు కట్టుకున్నా
మా ఉసేనప్ప గురువుది అదే ముడి.
షాకు కొట్టి ముడుచుకుపోయిన
ఎడమచేతి రెండేళ్ళతో
ఎట్ల కట్టేవాడో, చూస్తూ ఉండిపోయేవాణ్ణి.
ఈ దారం సంగతి మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు.
ఎవడో ఒకడు, ఎప్పుడో, నిచ్చెనెక్కుతాడనుకున్నాడు.
అది నేనని అనుకోని ఉండడు.

పొద్దుగూకేసరికి పైపుల్లో కొత్త తీగలు దిగినాయి.
ఎరుపు, నలుపు, పచ్చ:
పసిపిల్లోడైనా గుర్తుపడతాడు.

అయినా
కటింగ్ ప్లేయరు పక్కన పెట్టి
బనీను అంచునుంచి
ఒక పోగు లాగినా.