పూర్తి నిమిషం

మొదటి ఏడాది మాకు బొమ్మ ఒక్కటే రోగి.
ల్యాబులో దానికి మేం పెట్టుకున్న పేరు నర్సయ్య.
నర్సయ్యకి జ్వరం రాదు, దాహం వెయ్యదు,
ఏ పక్కకి తిప్పినా అబ్బా అనడు.
రబ్బరు నరంలో ఎర్రసిరా నీళ్ళు.
సూది తప్పితే తుడిచి మళ్ళీ గుచ్చేవాళ్ళం.
నుజ్‌హత్ మాత్రం గుచ్చే ముందు
"మాఫ్ కరో చాచా" అనేది.
పడీ పడీ నవ్వేవాళ్ళం.
ఆ క్లాసులో పాఠం వచ్చింది
దానికొక్కదానికేనని ఇప్పుడు అనిపిస్తుంది.

కోఠీ ఫుట్‌పాత్ మీద నూటయాభైకి కొన్నాను గడియారం.
సెకన్ల ముల్లు ఉండాలి, అదొక్కటే షరతు.
ఏలియమ్మ మేడం తెలుగు
నడుస్తూ నడుస్తూ మలయాళంలోకి జారిపోయేది.
ఈ మాట మాత్రం ఎప్పుడూ జారలేదు:
"అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసేది వడ్డీ వ్యాపారం.
నాడి పట్టుకుంటే పూర్తి నిమిషం.
బొటనవేలు పెట్టకు, దానికి సొంత నాడి ఉంది.
నిన్ను నువ్వే లెక్కపెట్టుకుని
వాళ్ళ పేరున రాసేస్తావు."

రెండో ఏడు అఫ్జల్‌గంజ్ దవాఖానకి పంపారు.
మగవాళ్ళ వార్డు. నలభై మంచాలు, యాభై ముగ్గురు మనుషులు,
కిటికీ తెరిస్తే మూసీ వాసన.
పుస్తకంలో దుప్పటి మూల నలభై అయిదు డిగ్రీలు మడవాలి.
ఇక్కడ దుప్పటంటే ఇంటి నుంచి తెచ్చిన పాత చీర,
మూల ముడిలో తిరుగు బస్సు చార్జీ.
ముడి విప్పకుండా పక్క వెయ్యడం ఏ చాప్టర్లోనూ లేదు.

నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడగాలి.
బేగంబజార్ హమాలీ ఒకాయన
చాలాసేపు ఆలోచించి "రెండు బస్తాలు" అన్నాడు.
చార్టులో ఆ గడి లేదు.
ఏడు అని రాశాను.

మొదటిసారి బెడ్‌పాన్ ఎత్తిన రోజు మెస్‌లో పప్పు ముట్టలేదు.
మూడో రోజు మారు వడ్డించుకున్నాను.
దాని గురించి ఇంతకంటే ఏం లేదు.

ఇరవై ఏడో మంచం గౌస్ సాబ్,
పత్తర్‌గట్టీలో గడియారాలు బాగుచేసే ముసలాయన.
షుగరు, కాలి పుండు.
డ్రెస్సింగ్ చేస్తుంటే పైకప్పు చూస్తూ
పాత కంపెనీల పేర్లు వల్లించేవాడు.
నొప్పి ముదిరితే స్విట్జర్లాండ్ దాకా పోయేవాడు.
ఒక పొద్దున నేనాయన మణికట్టు పట్టుకుని ఉంటే
ఆయన నా మణికట్టుకి చెవి ఒగ్గాడు.
"బేటీ, నీ ఘడీ వెనకపడుతున్నది.
రోజుకు నాలుగు నిమిషాలు. సప్పుడు ఇంటే తెలుస్తది."
నా లెక్క తప్పిపోయింది.
మళ్ళీ మొదటి నుంచి. ఎనభై నాలుగు.
"ఇంటికి పోయేటప్పుడు ఇయ్యి, సాఫ్ జేసి ఇస్త."

ఆ రాత్రి హాస్టల్లో నోట్సు వెనక లెక్క వేశాను.
రోజుకు నాలుగు నిమిషాలంటే
డెబ్భై రెండు కొట్టుకునే గుండెకి
నిమిషానికి అయిదో వంతు దెబ్బ తేడా.
ఎవరూ మార్కు కొయ్యరు.
అయినా నిద్ర పట్టలేదు.
నా నిమిషం అసలు నిమిషం కన్నా కాస్త పొడుగు,
ఆర్నెల్లుగా ఎంతమంది చార్టుల్లోనో
అది నీలం సిరాతో ఉంది.

సోమవారం వెళ్ళేసరికి ఆ మంచం మీద ఎవరో కుర్రాడు,
ఆటో గుద్దిన కాలు.
సిస్టర్ బల్ల మీద రిజిస్టరు తెరిచాను.
రెండు మాటలు, ఒక సంతకం.
ఏముందో ఇక్కడ చెప్పను.
రోగి సంగతి గడప దాటకూడదని
మొదటి వారమే నేర్పారు.
నేను చెప్పిన పేరు కూడా ఆయనది కాదు.
మంచం నంబరూ అది కాదు.
గడియారం మాట ఒక్కటే నిజం, అది నాది కాబట్టి.

బాగు చేయించలేదు.

కుర్రాడి మణికట్టు మీద మూడు వేళ్ళు,
బొటనవేలు దూరంగా.
"ఇంకెంతసేపు అక్కా" అన్నాడు.
మాట్లాడకు అని కళ్ళతో చెప్పాను.
తొంభై రెండు.
అయిదో వంతు ఎక్కువే రాసి ఉంటాను.
ఉండనీ.