బెత్తెడు

నజారియో, నువ్వడిగినవి రెండూ
ఒక ఇంట్లో కాపురం చేసేవి కావు.
బండి నేలకి దిగాలి.
దాని ముక్కులో మునుపటికన్నా బరువైన ఇంజను కూర్చోవాలి.
కమాను పట్టీలు తీసెయ్యమంటావు,
మిగిలిన పట్టీల మీద ఇంకా ఎక్కువ మోపుతానంటావు.
మనుషులతో ఇలా చేసేవాళ్ళని చూశాను.
ట్రక్కుతో చెయ్యమన్నది నువ్వే మొదలు.

యాభై నాలుగు మోడల్.
వెలార్డే తోటల ఆపిల్ పెట్టెలు ఎస్పన్యోలా దాకా మోసి మోసి
తొట్టి చెక్కలకి ఇప్పటికీ వానపడితే పులిసిన వాసన.
పాత ఇంజను దించిన రోజు
గొలుసుకి వేలాడుతూ నా చెప్పు మీద నూనె కార్చింది.
దీన్నేం చేద్దాం అన్నాను.
నీ కొట్టు వెనక ఉండనీ లియోకాడియా, అన్నావు.
ఉంది. రేకు కప్పాను. పిల్లి ఈనింది అందులో.

కొత్తది—
కొత్తదేమిటి, ఆల్బకర్కీ పాతసామాన్ల దొడ్లో
ఎవరిదో ప్రయాణాల బస్సు కడుపు కోసి తెచ్చిందే—
గేరుబాక్సుతో కలిపి తూస్తే
పాతదాని మీద ఒక నిండు మనిషి ఎక్కువ.
ఆ మనిషి ఏ ఊరొచ్చినా దిగడు.
బానెట్ కింద చేతులు కట్టుకుని కూర్చుంటాడు.
బ్రేకేస్తే ముందుకి తూలతాడు,
మలుపులో స్టీరింగు నీతో పాటు తనూ పట్టుకుంటాడు.
ఇంత చేసి నువ్వు నడిపేది గంటకి ఏడు మైళ్ళు,
ఈస్టర్ ఆదివారం, మెయిన్ రోడ్డు మీద,
కుక్కలు కూడా దాటిపోయేలా.

కమాను కట్టలు విప్పి గచ్చు మీద పరిచాను.
సుద్దముక్కతో ఒకటి నుంచి ఎనిమిది.
డెబ్బై ఏళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని
ప్రతిదాని వీపు మీదా పైదాని గీత.
రెండు పక్కలా మూడేసి తీశాను: నాలుగు, ఆరు, ఏడు.
ఇంజను ఎక్కించి జాకీ వదిలితే
కిర్రుమనలేదు. విందు తిన్నవాడిలా కూర్చుంది, అంతే.
రాత్రికి రాత్రి అరంగుళం కుంగుతుందన్నాను.
అంగుళం కుంగింది.
నువ్వు గొంతుక్కూర్చుని ఆయిల్ పాన్ కింద చెయ్యి దూర్చావు.
బెత్తెడు!
తూకంలో మొగ్గు తనవైపు పడిన కూరగాయల బేరగాడిలా
ఎంత నవ్వావు.

నేను నవ్వలేదు.
మీ ఇంటి దారికడ్డంగా పంటకాలువ తూము ఉంది.
పొద్దున్నే వెళ్ళి కర్ర పెట్టి కొలిచాను.
సీట్లో నువ్వూ యూఫెమియా, వెనక పిల్లలూ, చల్లటి డబ్బాల పెట్టే—
ఆ తూము మీద బెత్తెడు చాలదు.
చెప్తే వింటావా?
గీసుకుంటే గీసుకోనీ, నిప్పురవ్వలు బావుంటాయి అంటావు.
పాన్ పగిలితే రవ్వలు ఉండవు నజారియో,
రోడ్డంతా నల్లగా నీ డబ్బులు పారతాయి.

గురువారం రాత్రి.
చిమాయో చర్చికి నడిచేవాళ్ళు టార్చిలైట్లతో
కొట్టు ముందునుంచి పోతున్నారు.
ఒకతను భుజాన శిలువ దించి నా తలుపుకి ఆనించాడు,
నీళ్ళడిగాడు.
శిలువ అడుగున చిన్న చక్రం బిగించుకున్నాడు,
పిల్లల సైకిల్‌ది.
నేను చూడ్డం చూసి సిగ్గుపడ్డాడు.
బేరింగు ఎండిపోయింది ఇలా ఇవ్వు, అని గ్రీజు పెట్టాను.

అతను వెళ్ళాక షట్టరు సగం దించి
నాలుగో నంబరు పట్టీ రెండు పక్కలా మళ్ళీ ఎక్కించాను.
ముందు వేలెడు లేచింది.
లేచినట్టు కళ్ళకి తెలియకుండా
వెనక యాక్సిల్ దిమ్మ మార్చి అటు అరవేలు దించాను.
చూపు ఏటవాలుని కొలుస్తుంది, ఎత్తుని కాదు.

ఆదివారం నువ్వు బండి చుట్టూ మూడుసార్లు తిరిగావు.
"ఇంకా దిగింది కదూ?"
ఆఁ, దిగింది, అన్నాను.
తూము దగ్గర చెవి రిక్కించి నిలబడ్డాను.
ఏమీ వినపడలేదు,
నీ రేడియో తప్ప.

ఆరు, ఏడు గోడకి మేకుల మీద ఉన్నాయి.
వచ్చినప్పుడల్లా వాటిని తట్టి మోగించి పోతావు.
నాలుగేదీ అని
ఇంతవరకూ అడగలేదు.